పసుపు నేలలో రాజనీతి చదువు

2019 ఏప్రిల్ 11న నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో ఓటేయడానికి వెళ్లినవాళ్లకు బల్లల మీద ఒకటి కాదు, పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా కనిపించాయి. ఒక్కో యూనిట్ మీద పదహారు గడులు. బరిలో 185 మంది, చివర నోటా. అభ్యర్థుల్లో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న పండించే రైతులే. పసుపు బోర్డు కావాలి, పంటకు గిట్టుబాటు ధర కావాలి అన్నవి వాళ్ల కోరికలు. గెలుస్తామనే ఆశతో వేసిన నామినేషన్లు కావవి. ఢిల్లీ తమవైపు చూడాలని వేసినవి. పాత ఎం2 రకం యంత్రానికి నాలుగు యూనిట్లకు మించి తగిలించలేరు. అంటే 64 పేర్ల దగ్గరే దాని పని అయిపోతుంది. ఇరవై నాలుగు యూనిట్ల వరకు తట్టుకునే ఎం3 యంత్రాలను తెప్పిస్తే తప్ప ఇక్కడ పోలింగ్ జరిగేది కాదు.

ఆ ఎన్నికలో సిట్టింగ్ ఎంపీ కల్వకుంట్ల కవితపై ధర్మపురి అర్వింద్ 70 వేలకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు. పసుపు బోర్డు ప్రకటన 2023 అక్టోబరులో వచ్చింది. 2025 జనవరి 14న బోర్డు పని మొదలైంది, జూన్ 29న నిజామాబాద్‌లో కేంద్ర కార్యాలయం తెరుచుకుంది. కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలోకి పసుపు మాత్రం ఇంకా చేరలేదు. రెండు కోరికల్లో ఒకటి తీరి, రెండోది ఎందుకు ఆగింది? సంస్థను నెలకొల్పడం సర్కారుకు తేలిక, ధరకు పూచీ పడటం కష్టం. ఎందుకలా ఉంటుందో విడమర్చి చెప్పే శాస్త్రానికే రాజనీతి శాస్త్రమని పేరు.

దీనికి ముందూ ఓ కథ ఉంది. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు దేశానికి వినిపించాలని నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీ చేశారు. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో వెయ్యి మందికి పైగా నిలబడ్డారు. ఆ దెబ్బకు పార్లమెంటు చట్టాన్ని సవరించి లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి ఒక్కసారిగా 10 వేలకు పెంచింది. 2009లో అది 25 వేలయింది. అంత పెంచినా పసుపు రైతులు వెనక్కి తగ్గలేదు. పౌరుల నిరసన చట్టాన్ని మార్చింది, ఆ చట్టాన్ని దాటి మరో నిరసన వచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివిన విద్యార్థికి ప్రాతినిధ్యం, ఒత్తిడి బృందాలు, ఎన్నికల చట్టం అనే మూడు అధ్యాయాలు ఒక్కసారే పట్టుబడతాయి.

ఇంత సరుకున్న జిల్లాలో ఈ సబ్జెక్టుకు ఇంట్లో దక్కే మర్యాద చాలా తక్కువ. 2016 అక్టోబరు పునర్విభజనలో మండలమైన ఏర్గట్లనే తీసుకోండి. పదో తరగతి పాసైన పిల్లవాడికి మొదటి మాట ఎంపీసీ, రెండోది బైపీసీ. మార్కులు తగ్గితే సీఈసీ, ఇంకా తగ్గితే హెచ్‌ఈసీ. అక్కడ ‘సివిక్స్’ పేరుతో మొదలైన చదువు డిగ్రీలో ‘పొలిటికల్ సైన్స్’ అవుతుంది. మోర్తాడ్, ఆర్మూరు, నిజామాబాద్, పక్క జిల్లాలోని మెట్‌పల్లి కాలేజీల వైపు పిల్లలు వెళ్తారు. 2016లో మొదలైన ‘దోస్త్’ ఆన్‌లైన్ ప్రవేశాల్లో బీఏ అంటే చాలా ఇళ్లలో చివరి ఆప్షనే. ఇంజినీరింగ్ ఫీజు కట్టలేనివాళ్లు, పొలం పని చూసుకుంటూ చదివేవాళ్లు, పెళ్లి కుదిరేలోగా డిగ్రీ అయితే చాలనుకునే ఇళ్లలోని ఆడపిల్లలు ఈ తరగతి గదుల్లో ఎక్కువ. ఇష్టపడి వచ్చేవాళ్లు కొద్దిమంది. రాష్ట్రంలో సర్కారీ కొలువుకు పోటీపడే ప్రతి ఒక్కరూ చివరికి చదవక తప్పని సబ్జెక్టు మాత్రం ఇదే.

ఈ మాటలో అతిశయోక్తి లేదు. గ్రూప్-1 మెయిన్స్‌లో మార్కులు లెక్కకొచ్చే పేపర్లు ఆరు, ఒక్కోదానికి 150 మార్కులు. మూడో పేపరు భారత సమాజం, రాజ్యాంగం, పాలన. ఆరో పేపరు తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. మొత్తం 900లో ఈ రెండింటివే 300. గ్రూప్-2లోనూ నాలుగు పేపర్లలో ఒకటి పూర్తిగా ఉద్యమ చరిత్రది, మరోదాంట్లో పాలిటీకి పెద్ద వాటా. 1969 ఉద్యమం, పెద్దమనుషుల ఒప్పందం, ముల్కీ నిబంధనలు, 610 జీవో, శ్రీకృష్ణ కమిటీ, మూడో అధికరణ కింద రాష్ట్ర ఏర్పాటు... వీటిని సంఘటనల పట్టికలా బట్టీ పట్టినా రాయొచ్చు, సమాఖ్య వ్యవస్థలో ఒక ప్రాంతం తన వాటా కోసం చేసిన పోరాటంగా అర్థం చేసుకునీ రాయొచ్చు. 150 మార్కుల వ్యాసరూప పేపర్లో ఈ రెండు జవాబులకూ ఒకే మార్కులు పడవు.

యూపీఎస్సీలోనైతే ‘రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు’ ఆప్షనల్‌గా రెండు పేపర్లు, 500 మార్కులు. 2022లో మొదటి ర్యాంకు తెచ్చుకున్న ఇషితా కిశోర్, 2024లో మొదటి ర్యాంకు సాధించిన శక్తి దూబే ఇద్దరూ ఈ ఆప్షనల్‌తోనే రాశారు. తెలుగు టాపర్ల దారి వేరు. మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ 2017 పరీక్షలో దేశంలో మొదటివాడు. ఏర్గట్ల పిల్లలకు ఆయన పొరుగూరి మనిషి. చదివింది బిట్స్ పిలానీలో ఇంజినీరింగ్, ఆప్షనల్ ఆంత్రోపాలజీ. 2022లో మూడో ర్యాంకు ఉమా హారతిది, 2023లో మూడో ర్యాంకు అనన్యరెడ్డిది. వాళ్లిద్దరూ ఆంత్రోపాలజీనే నమ్ముకున్నారు. సిలబస్ చిన్నది, గైడెన్స్ దొరుకుతుంది, ముందున్నవాళ్ల నోట్సు చేతికందుతుంది. ఆ లెక్కలో తప్పేమీ లేదు. కానీ మూడేళ్లు బీఏలో రాజనీతి శాస్త్రం చదివిన విద్యార్థి ఇంజినీర్లను చూసి తన సబ్జెక్టు వదిలేసి ఆంత్రోపాలజీకి మారడం మాత్రం చేతిలో ఉన్న పెట్టుబడిని పారబోయడమే.

పోటీ పరీక్షల ‘పాలిటీ’కీ విశ్వవిద్యాలయ రాజనీతి శాస్త్రానికీ మధ్య ఒక వంతెన లాంటి మనిషి తెలుగు నేల మీదే ఉన్నారు. దేశమంతా సివిల్స్ అభ్యర్థుల బల్ల మీద కనిపించే ‘ఇండియన్ పాలిటీ’ పుస్తక రచయిత ఎం. లక్ష్మీకాంత్ ఉస్మానియాలో రాజనీతి శాస్త్రం పీజీ చేసినవారు. ఆయన పుస్తకం ఎంత పనికొచ్చేదో అంత ప్రమాదమూ ఉంది. పుస్తకంలో కాదు, దాన్ని చదివే పద్ధతిలో. పంచాయతీ రిజర్వేషన్లంటే 243డి అధికరణ అని విద్యార్థికి నోటికొస్తుంది. అదే విద్యార్థిని, 2025 సెప్టెంబరు 26న తెలంగాణ ప్రభుత్వం స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం ఇస్తూ తెచ్చిన జీవో 9ని అక్టోబరు 9న హైకోర్టు ఎందుకు ఆపిందో చెప్పమంటే తడబాటు మొదలవుతుంది. యాభై శాతం గీత ఎక్కడిది? 2010లో కృష్ణమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? మూడంచెల పరీక్ష అంటే ఏమిటి? 2025 మార్చిలో శాసనసభ ఆమోదించిన బిల్లులు రాష్ట్రపతి దగ్గరకు ఎందుకు వెళ్లాయి? చివరికి డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతల సర్పంచ్ ఎన్నికలు యాభై శాతం లోపు రిజర్వేషన్లతోనే జరిగిపోయాయి. ఆ ఎన్నికల్లో ఓటేసిన డిగ్రీ విద్యార్థులు రాష్ట్రమంతటా ఉన్నారు. తాము ఓటేసిన రిజర్వేషన్ పట్టిక వెనక ఉన్న వాదం వాళ్ల తరగతి గదిలోకి వచ్చి ఉంటే, ఏ గైడూ ఇవ్వలేని జవాబు వాళ్ల దగ్గర ఉండేది.

చదువు ఎక్కడ చదవాలన్నది తర్వాతి ప్రశ్న. నిజామాబాద్‌లో గిరిరాజ్ ప్రభుత్వ కళాశాల, బోధన్‌లో ప్రభుత్వ డిగ్రీ కళాశాల చేరువలో ఉన్నాయి. 2006లో డిచ్‌పల్లిలో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం జిల్లా పిల్లలకు ఉన్నత విద్యను బస్సు దూరంలోకి తెచ్చింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీజీకి సీపీగెట్ రాయాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత నేరుగా ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు ఉంది. దానికి సీయూఈటీ రాయాలన్న సంగతి ఊళ్లలో చాలామందికి తెలియనే తెలియదు. తెలిసేసరికి గడువు దాటిపోతుంది. బోధన్, నిజామాబాద్‌లలో ఉర్దూ మీడియంలో చదివిన పిల్లలకు 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం మరో తలుపు. ఉద్యోగం చేసుకుంటూ చదవాలంటే అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉండనే ఉంది.

ఆ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టుక కూడా రాజనీతి శాస్త్రవేత్తలతో ముడిపడిందే. కరీంనగర్ జిల్లా పల్లెలో పుట్టి ఉస్మానియాలో పాలనా శాస్త్రం బోధించిన ఆచార్య జి. రాంరెడ్డి 1982లో దానికి తొలి ఉపకులపతి. 1985లో ఇగ్నోకూ ఆయనే తొలి ఉపకులపతి, ఆ తర్వాత యూజీసీ అధ్యక్షుడు. కాలేజీ గడప తొక్కలేని లక్షల మందికి చదువు అందించే ఆలోచన ఒక పల్లెటూరి పాలనా శాస్త్ర పండితుడి చేతుల మీదుగా దేశమంతా విస్తరించింది. ఆచార్య రషీదుద్దీన్ ఖాన్ ఉస్మానియా నుంచి జేఎన్‌యూకు వెళ్లి అక్కడ రాజనీతి అధ్యయన కేంద్రాన్ని తీర్చిదిద్దారు, రాజ్యసభకు నామినేట్ అయ్యారు. ఆచార్య హరగోపాల్ 2011లో మల్కన్‌గిరి కలెక్టర్ వినీల్ కృష్ణను మావోయిస్టులు అపహరించినప్పుడు మధ్యవర్తిగా నిలిచారు. ఆచార్య కోదండరాం 2009 డిసెంబరులో ఏర్పడిన తెలంగాణ జేఏసీకి కన్వీనరయ్యారు. వీళ్ల అభిప్రాయాలతో ఎవరైనా విభేదించవచ్చు. పాఠం చెప్పే మనిషి బయటి లోకంలో ఎంత పని చేయగలడో చెప్పడానికి మాత్రం ఈ నాలుగు జీవితాలు చాలు.

ఇక ఉద్యోగాల సంగతి. గ్రూప్స్ ఒక్కటే దారి అనుకోవడమే ఈ రంగంలో జరుగుతున్న పెద్ద నష్టం. 2022లో 503 పోస్టులతో వచ్చిన గ్రూప్-1 ప్రకటన ఏమైందో అందరికీ తెలుసు. ప్రశ్నపత్రం లీకై ప్రిలిమ్స్ ఒకసారి రద్దయింది, మళ్లీ పెడితే కోర్టులో రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన వచ్చింది, అక్టోబరులో మెయిన్స్ జరిగాయి, ఫలితాలు మళ్లీ కోర్టు మెట్లెక్కాయి. తెలుగు మీడియం జవాబు పత్రాల మూల్యాంకనం మీద కూడా పిటిషన్లు పడ్డాయి. 2022లో హాల్ టికెట్ తీసుకున్న ఇరవై మూడేళ్ల అభ్యర్థి ఇరవై ఆరు దాటేదాకా అదే గదిలో, అదే నోట్సుతో కూర్చోవాల్సి వచ్చింది. ఆ ఏళ్లను ఎవరూ తిరిగివ్వలేరు. కష్టపడినవాళ్ల తప్పు ఇందులో లేదు. అందుకే రెండో దారి చేతిలో ఉంచుకుని మొదటి దారిలో నడవడం తెలివైన పని.

రెండో దారులు తక్కువేమీ కాదు. బీఈడీ చేస్తే సోషల్ టీచర్ పోస్టులున్నాయి. 2024 డీఎస్సీ మొత్తం పోస్టులు 11,062. పీజీ చేసినవారికి సివిక్స్ జూనియర్ లెక్చరర్ ఉద్యోగం. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే పరిశోధనకు నెలకు 37 వేలు, చాలా ప్రైవేటు కొలువుల కంటే మెరుగు. లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేస్తే న్యాయవాద వృత్తి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరని సుప్రీంకోర్టు 2025 మేలో తేల్చింది కాబట్టి, ఆ దారి పట్టేవాళ్లు ముందే లెక్క వేసుకోవాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత ఊరికో కార్యదర్శి ఉండాలని 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులకు ప్రకటన వచ్చింది. వీధి దీపం నుంచి ఇంటి అనుమతి దాకా రాజ్యం పౌరుడికి ఎదురయ్యే మొదటి బల్ల అది. రాజనీతి శాస్త్రం చదివినవాళ్లకు అంతకన్నా సహజమైన కొలువు లేదు.

సర్కారు బయట కూడా పని ఉంది, దాని పేర్లే మన పల్లెలకు చేరలేదు. పార్లమెంటు సభ్యులకు పరిశోధనలో సాయపడేందుకు పీఆర్‌ఎస్ సంస్థ 2010 నుంచి ‘లాంప్’ ఫెలోషిప్ నడుపుతోంది. ఎన్నికల సర్వేలు చేసే సీఎస్‌డీఎస్-లోక్‌నీతికి ప్రతి ఎన్నికలోనూ ఊరి భాష తెలిసిన క్షేత్ర పరిశోధకులు కావాలి. హైదరాబాద్‌లోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం (సెస్), రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ అధ్యయనాలకు క్షేత్రసిబ్బంది అవసరం పడుతుంది. ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలు ప్రభుత్వ గణాంకాలను వెలికితీసి జనానికి అర్థమయ్యేలా చెప్పడమే పనిగా పెట్టుకున్నాయి. పార్టీలకు వ్యూహాలు రాసే కన్సల్టెన్సీలూ పెరిగాయి. వీటన్నింటికీ కావలసిన నైపుణ్యాలు దాదాపు ఒకటే: ఒక ప్రభుత్వ నివేదిక చదివి రెండు పేజీల్లో సారం రాయడం, ఎక్సెల్‌లో పట్టిక వేయడం, ఆర్టీఐ దరఖాస్తు సరిగా రాయడం, ముప్పై ఇళ్లు తిరిగి అడగాల్సింది అడిగి రావడం. మన బీఏ పరీక్షలో వీటిలో ఒక్కదానికీ మార్కుల్లేవు. ఈ ఒక్క లోపం సరిదిద్దితే సగం నిరుద్యోగం తగ్గుతుందని గట్టిగా చెప్పలేం గానీ, విద్యార్థి దరఖాస్తు పెట్టుకునే చోట్లు రెట్టింపవడం ఖాయం.

ఇంటి ముందున్న పాఠాలను ఒక్కసారి చూడండి. 1930లలో నిజాం పాలనలో పుట్టి, ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ బోధన్ చక్కెర కర్మాగారంలో 51 శాతం వాటాను 2002లో ప్రైవేటుకు ఇచ్చారు. 2015 డిసెంబరులో బోధన్‌తో పాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లూ మూతపడ్డాయి. తెరిపించే మార్గం చూడటానికి 2024లో మంత్రివర్గ స్థాయిలో కమిటీ వేశారు. ప్రభుత్వరంగం, పెట్టుబడుల ఉపసంహరణ, కార్మిక హక్కులు, ఎన్నికల హామీలు ఈ ఒక్క కర్మాగారం గోడల మధ్యే దొరుకుతాయి. కర్మాగారం ఉన్న బోధన్ శక్కర్‌నగర్‌లోని కార్మికుల కుటుంబాలతో మాట్లాడి, శాసనసభ చర్చల ప్రతులు తిరగేసి ఒక విద్యార్థి రాసే ముప్పై పేజీలు అచ్చు పుస్తకంలోని ఏ అధ్యాయానికీ తీసిపోవు.

గోదావరి సంగతి చూస్తే, 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్‌కు ఎగువన మహారాష్ట్ర బాబ్లీ బ్యారేజీ కట్టింది. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీలు వదలాలి. అంతర్రాష్ట్ర సంబంధాల పాఠం ఏటా ఆ తేదీల్లో బాల్కొండ రైతుల కళ్లముందే నడుస్తుంది.

అంతర్జాతీయ సంబంధాలకూ దూరం పోనక్కర్లేదు. ఏర్గట్ల, కమ్మర్‌పల్లి, భీమ్‌గల్ పల్లెల్లో గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వాడకట్టు అరుదు. 1983 ఎమిగ్రేషన్ చట్టం, పదో తరగతి పాస్‌కాని వాళ్ల పాస్‌పోర్టు మీద పడే ఈసీఆర్ ముద్ర, యజమాని దయ మీద నడిచే కఫాలా పద్ధతి, ఏజెంటు చేతిలో పెట్టిన అప్పు సొమ్ము, శవపేటిక కోసం ఎంబసీ చుట్టూ తిరిగే ఫోన్లు... ఇవన్నీ రెండు సార్వభౌమ దేశాల మధ్య నలిగే పౌరుడి కథ. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వును చదివి, తన వాడకట్టులోని ఇంటికి వెళ్లి దరఖాస్తు నింపిపెట్టిన బీఏ విద్యార్థికి ప్రవాస విధానం మీద ఇంకెవరూ పాఠం చెప్పక్కర్లేదు.

అన్నింటికన్నా లోతైన పాఠం ఊళ్లోనే ఉంది, దాన్ని తాకడానికే అందరికీ జంకు. అది వీడీసీ, గ్రామాభివృద్ధి కమిటీ. ఉత్తర తెలంగాణ పల్లెల్లో, ముఖ్యంగా ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాల్లో, చట్టంలో చోటు లేని ఈ కమిటీలు గుడి కట్టిస్తాయి, రోడ్డు వేయిస్తాయి, తగవు తీరుస్తాయి. జరిమానాలు వేశాయని, కులాలను వెలివేశాయని ఆరోపణలూ వాటిమీద వస్తుంటాయి. 2025లో ఏర్గట్ల మండలం తాళ్లరాంపూర్‌లో గౌడ కుటుంబాలను సాంఘికంగా వెలివేశారన్న ఫిర్యాదు రాష్ట్రమంతా వార్తయింది. ఎన్నికైన పంచాయతీ ఒకపక్క, ఎవరూ ఎన్నుకోని పెత్తనం ఇంకోపక్క. అధికారం ఎక్కడుంది, ఆమోదం ఎక్కడినుంచి వస్తుంది అని శాస్త్రం అడిగే మొదటి ప్రశ్నలు ఇవే. మంచీ చెడూ రెండింటినీ నమోదు చేస్తూ, భయం లేకుండా, పేర్లు బయటపెట్టకుండా అధ్యయనం చేయడం నేర్పితే ఆ విద్యార్థి ఊరికీ మేలు చేస్తాడు.

మీడియం సంగతి కూడా సూటిగా చెప్పుకోవాలి. 1968లో పుట్టిన తెలుగు అకాడమీ పుస్తకాలు, సార్వత్రిక విశ్వవిద్యాలయం పాఠాలు లేకపోతే పల్లె పిల్లలకు ఈ శాస్త్రమే అందేది కాదు. ఆలోచన తెలుగులో స్పష్టంగా ఉంటేనే జవాబు బలంగా వస్తుంది. అయితే తీర్పులు, కమిటీ నివేదికలు, పరిశోధనా వ్యాసాలు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. తెలుగులో రాస్తూ ఇంగ్లిష్‌లో చదవగల విద్యార్థికే రెండు లోకాలూ తెరుచుకుంటాయి. రోజుకో సంపాదకీయం, వారానికో తీర్పు సారాంశం చదివితే డిగ్రీ అయ్యేలోగా ఆ సత్తా వస్తుంది. సివిల్స్ ప్రిలిమ్స్ దాటిన రాష్ట్ర అభ్యర్థులకు 2024 నుంచి లక్ష రూపాయల ‘రాజీవ్ గాంధీ సివిల్స్ అభయహస్తం’ సాయం అందుతోంది. బీసీ, ఎస్సీ స్టడీ సర్కిళ్లలో ఉచిత శిక్షణా ఉంది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది అద్దె కట్టే ముందు వీటి గురించి కనుక్కోవడం మంచిది.

కళాశాలలకు ఒక విన్నపం. చివరి ఏడాది బీఏ విద్యార్థి ప్రతి ఒక్కరి చేత సొంత ఊరి మీద ముప్పై పేజీల అధ్యయనం రాయించండి: గ్రామసభ తీర్మానాల పుస్తకం మీదో, గల్ఫ్ వెళ్లిన ఇళ్ల మీదో, పసుపు ధర మీదో. తెలంగాణ విశ్వవిద్యాలయం వాటికి మార్కులు కేటాయించి, మంచివాటిని గ్రంథాలయంలో భద్రపరచాలి. విద్యార్థులకు కూడా ఒక మాట: సబ్జెక్టును చివరి ఆప్షన్‌గా పెట్టుకున్నా పర్వాలేదు, చేరిన నాటి నుంచి మొదటి ఆప్షన్ లాగే చదవండి, మీ ఊరి పంచాయతీలో ఈసారి గ్రామసభ ఎప్పుడో కనుక్కుని నోట్‌బుక్ పట్టుకుని వెళ్లండి.